చాంద్రేయులకు కఫీల్ దొరికిన విధము

లోకం మొత్తంమీద చాంద్రేయులు నూట ఎనిమిదిమంది మాత్రమే ఉన్నారని వ్రాసినవాణ్ణి నేనే. ఆ సంఖ్యే ఎందుకని అప్పట్లో ఎవరూ అడగలేదు; అడిగి ఉంటే చెప్పడానికి నా వద్ద కారణమూ లేదు. నిత్యం అష్టోత్తరం చదివే నోటికి ఏదో ఒక సంఖ్య కావలసివచ్చినప్పుడు అదే ముందుగా వచ్చి కూర్చుంటుంది. ఒక జాతి జనాభాను అంత తేలికగా నిర్ణయించరాదని నాకు తెలిసివచ్చేసరికి అరవై నాలుగేళ్లు నిండాయి. ఆన్‌లైన్ ఆటలకు కథలు అల్లబోయే చిన్నవారు ఆ సంగతిని ఇంకాస్త ముందుగా గ్రహిస్తారని ఈ ముచ్చట వ్రాస్తున్నాను.

జెడ్డాలో ఒక భారతీయ పాఠశాలలో ఇరవై ఏడేళ్లు తెలుగు బోధించి విరమించాను. తిరుగు ప్రయాణానికి పెట్టెలు కట్టుకొంటుండగా పూర్వవిద్యార్థిని ఒకామె ఇంటికి వచ్చింది. అనంతపురం దంపతులకు జెడ్డాలో పుట్టి పెరిగిన పిల్ల. అప్పటికి ఒక చిన్న ఆటల కంపెనీలో ప్రోగ్రామర్. గల్ఫులో పనిచేసే తెలుగువారి కోసం ఫోనులో ఆడుకొనే వేషధారణ ఆట ఒకటి తయారవుతోందనీ, దానికి పురాణం వ్రాసేవారు కావాలనీ చెప్పింది. ఆ ఆటలో గెలుపోటములు లేవు. ఆటగాడు ఒక జాతిని ఎంచుకొని, ఆ జాతివాడిగానే మాట్లాడుతూ, ఇల్లు కట్టుకొని, ఇరుగుపొరుగుతో కాపురం చేయాలి. నాటకంలో వేషం వంటిదే. కాకపోతే తెర దించేవారుండరు.

కట్టిన పెట్టెలు విప్పి ఆ కొలువులో చేరి, నేను నాలుగు జాతులను సృష్టించాను. ఈ కథకు రెండు చాలు. చంద్రుని నుండి జారిన చాంద్రేయులు ఒకరు, మట్టి నుండి లేచిన మృణ్మయులు ఇంకొకరు. చాంద్రేయులను వర్ణించబోయి నలభై ఒక్క పుటలు వ్రాశాను. వారి ఉత్తరీయాల తెలుపు, వారి నడకలోని నిశ్శబ్దం, నూట ఎనిమిదిమందే మిగిలినందువల్ల వారిని వెన్నంటే ఏకాంతం, ఏ యుగానికో ఒకసారి స్వజాతీయుడు ఎదురైతే ఆగక ప్రవహించే అశ్రుధార, దేన్నీ వదలలేదు. మృణ్మయుల వంతు వచ్చేసరికి మధ్యాహ్న భోజనవేళ అయింది. "మృణ్మయులు మట్టి మనుషులు. ఈ నేల వారిది. ప్రొద్దున లేచి పనిచేస్తారు. సాయంకాలం ఇంటికి వస్తారు." అంతే. ఆకలి మీద వ్రాసిన ఆ వాక్యాలను తిరిగి చూసుకోలేదు. పైపెచ్చు ఈ పురాణమంతా నా గొంతుతోనే చదివించి ఆటలో పెట్టారు.

ఆట తెరిచిన మూడు నెలలకు లెక్క తీస్తే చాంద్రేయులు నాలుగు వేల పైచిలుకు. మృణ్మయులు ముప్పై ఒక్కరు.

ఆ రోజుల్లో ఆటలోని సంతవీధిని చూడవలసింది. ప్రతివాడూ తెల్లని ఉత్తరీయంతో, తన వంశంలో తానొక్కడే మిగిలానన్న విషాదంతో నిలబడి ఉండేవాడు. అతని వెనుక అదే విషాదంతో మరొకడు. వాని వెనుక ఇంకొకడు. ఏకాంతానికి అలవాటుపడిన ఈ మహనీయులు ఉల్లిపాయల బుట్ట దగ్గర ఒకరి మోచేతులతో ఒకరిని పొడుచుకొనేవారు. అసలు చాంద్రేయుడను నేనంటే నేనని రోజూ తగాదాలు. నకిలీల మీద కంపెనీకి ఫిర్యాదులు. వీటన్నిటికీ మించినది కన్నీటి సమస్య. ఇద్దరు చాంద్రేయులు ఎదురైనప్పుడెల్లా కన్నీరు కారేటట్టు మా ప్రోగ్రామర్ అమర్చింది. నాలుగు వేలమంది ఎదురెదురుగా తిరిగే ఊరిలో ఏడుపు ఎప్పుడాగాలి? వీధులు జలమయమై, ఆ నీటిబొట్లను చూపలేక ఆటగాళ్ల ఫోన్లు మొరాయించసాగాయి.

"ఎందుకు పెట్టావమ్మా ఈ కన్నీళ్లు?" అని అడిగాను.

"మీరే కదా సార్ రాసింది, అశ్రుధార ఆగదు అని! ఆగదంటే ఆగకుండా లూప్‌లో పెడితిని. టెన్త్‌లో మీరు చెప్పింది చెప్పినట్ల రాయకపోతే మార్కులు కోసేస్తాంటిరి, నాకు బాగా గ్యాపకం."

"సరే, మట్టిజాతికి ఎవరూ ఎందుకు రావడం లేదు?"

"ఎట్లొస్తారు సార్? చంద్రుని మింద ఫార్టీ వన్ పేజెస్ రాసి, మట్టోల్లకి నాలుగు లైన్లు పారేస్తిరి. అది డేటా ప్రాబ్లమ్ కాదు సార్. మీ ప్రాబ్లమ్."

ఇరవై ఏడేళ్లు ఇతరుల తప్పులను ఎర్రసిరాతో దిద్దినవాడికి ఆ మాట ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మా మేనేజర్ సౌదీ యువకుడు, విదేశాలలో చదువుకొన్నవాడు, మర్యాదస్థుడు. నన్ను 'ఉస్తాద్' అనే పిలిచేవాడు. తెలుగు రాకపోయినా తన ఆట ఎలా నడుస్తోందో చూడడానికి తానూ ఒక చాంద్రేయుడై, పలకరించినా పలకకుండా ఆటలో సంచరించేవాడు. ఆ మౌనం చూసి, వేలమందిలో అసలైన చాంద్రేయుడు ఇతడొక్కడే అని ఆటగాళ్లు చేతులు జోడించేవారు.

ఒక గురువారం ఆయన నన్ను గదికి పిలిచాడు. మా మాటలు ఇంగ్లీషులో సాగేవి, సారాంశం ఇది.

"ఉస్తాద్, ఆ నూట ఎనిమిదిని నాలుగు వేలు చేయగలరా?"

"చేయలేను. అరుదుగా ఉండడమే వారి లక్షణం. వేలల్లో ఉన్నారని వ్రాస్తే వారికి ఏడవడానికి కారణమే ఉండదు."

"అయితే వేరే దారి. ముప్పై ఒక్కమంది కోసం ఒక జాతిని మోయడం అనవసరం. మృణ్మయులను తీసేద్దాం. వారందరినీ చాంద్రేయులుగా మార్చి, వారి ఇళ్లు చెరిపి, ఆ స్థలంలో సంత విశాలం చేద్దాం. ఆ కన్నీళ్లే వరదై వారిని ముంచినట్టు అందంగా వ్రాయండి. ఆదివారం ఇవ్వండి. ఖలాస్."

అందంగా అన్నాడు గదా, నేనూ అందంగానే వ్రాశాను. రెండు పుటల వరద. అన్నేళ్ల జీవితంలో అంత గొప్ప వచనం నా కలం నుండి వెలువడలేదని ఆ సాయంత్రం నాలో నేను మురిసిపోయాను. మృణ్మయుల గురించి ఒక్క క్షణమైనా ఆలోచించానా అంటే, 'గుడిసెలు' అన్న మాట కంటే 'కుటీరములు' బాగుంటుందా అన్నంతవరకే ఆలోచించాను.

మరునాడు శుక్రవారం. షరఫియాలో మా వీధి దర్జీ వద్దకు ఒక పంట్లాము పట్టుకొని వెళ్లాను. వరద పుటలు సంచిలోనే ఉన్నాయి. నడుము ఎంత వదులు చేయాలో దర్జీకి వివరిస్తుండగా, రవికెల మూటతో వరుసలో ఉన్న ఒక స్త్రీ ముందుకు వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి.

"ఆగండాగండి. మళ్లీ మాటాడండి బాబుగారూ."

"ఏమని?"

"ఇదే గొంతండి! మా మట్టోళ్ల కతలో మాటాడేది మీరు కాదేటండీ? ఆ 'మృణ్మయులు' అన్న ముక్క అంత గట్టిగా అనేవోరు ఇంకెవరుంటారండి? మాకైతే నోరు తిరగదు."

ముప్పై ఒక్కరిలో ఒకరు నా ఎదుట నిలబడి ఉన్నారు. సంచిని వెనక్కు పెట్టుకొన్నాను. ఆమెది గోదావరి తీరంలోని పల్లె. ఒక సౌదీ ఇంట్లో పదకొండేళ్లుగా వంటపని. ఆ ఇంటి ఆడవారు బజారుకు వచ్చిన శుక్రవారాల్లో, డ్రైవరు ఆమెను షరఫియాలో రెండు గంటలు దించి వెళతాడు.

"అందరూ చాంద్రేయులు కాగా, నీవెందుకమ్మా మట్టిజాతిని ఎంచుకొన్నావు?"

"ఆళ్లవన్నీ తెల్లబట్టలండి! ఆ ఇంట్లో ఉతికేయి సాలవేటండి? మట్టోళ్లయితే సుబ్బరంగా మట్టిరంగు కోక. మాసిందో లేదో కూడా తెలీదు."

దర్జీ కూడా నవ్వాడు. ఆమె ఫోను తీసి తన ఇల్లు చూపింది. నడుమెత్తు మట్టిగోడ, మూడు వరుసల చిక్కుడు పాదులు, అరుగు. మృణ్మయులందరూ శుక్రవారం ఆ అరుగు మీదే చేరతారట. "ఈ గోడ ఎత్తినోడు ఉనైజాలో కర్జూరం తోటలో పంజేస్తాడండి. మొకం ఎరగను. జిజాన్‌లో ఒక డ్రైవరున్నాడు, ఆడిది సిక్కుడు ఇత్తనం. ఇదిగో, ఇది సూడండి, గడియ. తలుపుకి లోపలేపు ఎట్టుకున్నాను."

"అందులో విశేషమేముంది?"

"నేనుండే గదికి గడియ బయటేపు ఉందండి. ఇదివరకు సామాన్ల కొట్టు గదా. ఆళ్లు మంచోళ్లేనండి, పాపం ఎప్పుడూ ఎయ్యలేదు. అయినాసరే, లోపలేపు గడియెట్టుకుని కూకుంటే ఆ సుకమే ఏరు బాబుగారూ." ఫోను కొంగుతో తుడిచింది. "మా గురించి నాలుగు ముక్కలు సెప్పి ఊరుకున్నారు. తరవాతేటవుద్దండి మావోళ్లకి?"

"చూడాలి" అన్నాను. పాఠం సిద్ధం చేసుకోకుండా వచ్చిన రోజున ఉపాధ్యాయుడు చెప్పే మాట అదే.

పంట్లాము అక్కడే మరచి బయటపడ్డాను. ఎదుటి హోటలులో మా ఆఫీసు కాగితాల వ్యవహారాలన్నీ చూసే హైదరాబాదు మిత్రుడు చాయ్ తాగుతూ కనిపించాడు. సిబ్బంది అనుమతి పత్రాలు, రాకపోకల ముద్రలు అన్నీ ఆయన చేతిమీదుగా నడిచేవి. పాస్‌పోర్టులన్నీ ఆయన అల్మారాలోనే ఉండేవి.

"క్యా పంతుల్ సాబ్, మొకం గట్ల వెట్టినవేంది? అత్తరు సీసా పలిగిందా?"

ఉన్నదంతా చెప్పాను. ఆయన గ్లాసు దించలేదు.

"నూటెనిమిది మందికే జాగ ఉన్నదంటవ్. నాలుగు వేలమంది వచ్చి కూసున్నరు. మరి తక్కినోళ్ల కాగజ్‌లేవి?"

"కాగితాలేమిటయ్యా? వారు దివ్యజాతి."

"దివ్యజాతైతే ఈడ ఉండనీకి ఇఖామా కాగజ్ వద్దా? ఎవలన్న పరాయి దేశం వస్తే ఆ దేశపోడు ఒకడు జిమ్మేదారీ తీసుకోవాలె, వాడే కఫీల్. కఫీల్ లేనిది ఈడ పిట్ట గూడ వాలదు. ఇగ చెప్పు, ఆ జమీన్ ఎవలది?"

"మృణ్మయులది. ఈ నేల వారిదని నేనే వ్రాశాను."

"హోగయా! మట్టోడు కఫీల్. చంద్రుడు నౌకర్. గీ దానికి నువ్వు ఊరు ముంచుతవా పంతుల్ సాబ్? పడేలిఖే మనిషివి, శరం లేదా?"

నాకు నిజంగానే సిగ్గు కలిగింది. ఇంటికి వెళ్లి తలుపు వేసుకొని కూర్చున్నాను. ఆకాశంలో చంద్రుడు ఒక్కడే. నీళ్లున్న కుండలు ఎన్ని ఉంటే అన్ని ప్రతిబింబాలు. మా గురువుగారు వేదాంతం చెప్పేటప్పుడు వాడిన దృష్టాంతం అది. నూట ఎనిమిదిమంది మూల చాంద్రేయులు పైనే ఉన్నారు, ఎన్నడూ దిగిరాలేదు. భూమి మీద తిరిగే నాలుగు వేలమందీ కుండనీళ్లలో కనబడే వారి ప్రతిబింబాలు. కనుక ఎవడూ అసలు కాడు, ఎవడూ నకిలీ కాడు. కుండ ఉన్నంతకాలమే ప్రతిబింబం ఉంటుంది. కుండను చేయగలవాడు మృణ్మయుడొక్కడే. ప్రతి చాంద్రేయుడూ ఒక మృణ్మయుని ఆశ్రయించి కుండ పొందితేనే ఈ నేల మీద నిలుస్తాడు.

ఆదివారం ఆ పుట ఒక చేత, వరద పుటలు ఒక చేత పట్టుకొని మేనేజరు గదికి వెళ్లాను. కాగితాల మిత్రుడు వెంట వచ్చాడు. కుండల సంగతి ఫోనులో చెప్పగా, శనివారమంతా కూర్చొని పదిహేడు నిబంధనలు తయారుచేశాడట. సెలవు, బదిలీ, నిష్క్రమణ, పునఃప్రవేశం, ఏదీ మరువలేదు. తొమ్మిదవ నిబంధన ప్రకారం చాంద్రేయుని కుండ కఫీల్ స్వాధీనంలో ఉండాలి.

ప్రోగ్రామర్ ఆ జాబితా చూసి తల పట్టుకొంది. "ఇదంతా నేను కోడ్ చేయాలంటే, ముందు నాకే ఎగ్జిట్ వీసా కొట్టించండి అంకుల్."

మేనేజర్ రెండింటినీ ఇంగ్లీషులో చదివించుకొన్నాడు. తరువాత తన ఫోను వైపు చూసుకొన్నాడు.

"అంటే నాకూ కఫీల్ కావాలా?"

"మీరూ చాంద్రేయులే కదా" అన్నాను.

"మా తాతగారు వింటే ఏమంటారో!" అని నవ్వు మొదలుపెట్టి, ఆపుకోలేక గుడ్డతో కళ్లు తుడుచుకొన్నాడు. చివరకు ఒక గడువు ఇచ్చాడు. శుక్రవారం పరీక్షగా నడుపుదాం. సవ్యంగా సాగితే మృణ్మయులుంటారు. రభస అయితే ఆ సాయంత్రమే వరద. ఆ రెండు పుటలను తన బల్ల మీదే, పేపరు వెయిటు కింద ఉంచుకొన్నాడు.

శుక్రవారం ప్రార్థన ముగిశాక అందరం ఆఫీసులో పెద్ద తెర ముందు చేరాం. ముప్పై ఒక్క ఇళ్ల ముందు తెల్లని వరుసలు. అన్నింటికంటే పొడుగుది చిక్కుడు పాదుల ఇంటి ముందు. మేనేజరు చాంద్రేయుడు అందులో అరవై మూడవవాడు. తలుపు తెరుచుకొంది. ఆమె గొంతు వినబడింది.

"ఒక్కొక్కళ్లూ రండి. తోసుకోకండి, సెంద్రుళ్లు గదా, కాత్త మరియాద!"

మొదటివాడు చేతులు చాచి, "అమ్మా, నేను వెన్నెల వంశమున కడపటివాడను" అన్నాడు.

"కడపటోడివైతే కడకి పోయి నిలబడు. మొదటోరెవరు?"

రెండవవాడు తెలివైనవాడు, వంశం ఊసెత్తలేదు.

"పనేటొచ్చు బాబూ?"

"విలపించుట వచ్చును."

"మంచిదే. ఎల్లి ఆ సిక్కుడు పాదుల కాడ విలపించు. బొట్టు అవతల పడితే ఊరుకోను."

మూడు నెలలుగా వీధులను ముంచిన నీరు పాదుల్లోకి మళ్లడం చూసి ప్రోగ్రామర్ కుర్చీలోంచి లేచింది. "సార్, ఫోన్లు హ్యాంగ్ కావడంల్యా!"

అంతలో వరుస ఆగిపోయింది. ఆ రెండవ చాంద్రేయుని కుండ సిద్ధమై, తెర మీద ఒకే మీట వెలిగింది: 'కుండను స్వాధీనం చేసుకొనుము.'

"వద్దండి" అంది ఆమె. మీట అలాగే వెలుగుతోంది. "వద్దంటంటే మళ్లీ అడుగుతాదేటి? ఆయన కుండ నాకెందుకండి?"

వరుసలో ఎవరో అరిచారు. "తీసుకోండి పిన్నిగారూ, రూలంట!"

"ఏం రూలండి? ఇన్ని కుండలు నేనెక్కడెట్టుకోను? ఆయన ఎటన్నా ఎల్లాలంటే నన్ను లేపి అడగాలా? నేను నిద్దరోతుంటేనో? ఆయన కుండ ఆయన సంకలో ఎట్టుకుంటే నాకేటి నట్టం?"

నిమిషాలు గడిచాయి. ఆమె మీట నొక్కదు, వరుస కదలదు. వెనుక నుండి కేకలు మొదలయ్యాయి. బల్ల మీది వరద పుటల వైపు నా చూపు పోయింది. కాగితాల మిత్రుడు ఆమెకు వినబడదని మరచి తెరతోనే వాదించసాగాడు. "గట్లనే ఉంటది కదమ్మా! అందరు గట్లనే చేస్తరు!"

"ఏమంటోంది?" అని మేనేజర్ అడిగాడు. మాట మార్చకుండా అనువదించాను. ఆయన తెరనూ, తన చేతిలోని ఫోనులో కుండ కోసం నిలబడిన తన తెల్లని బొమ్మనూ మార్చి మార్చి చూశాడు.

"వద్దు అనడానికి మీట లేదా?"

ప్రోగ్రామర్ తల దించుకొంది. "లేదు సార్. వద్దంటారని ఎవరం అనుకోలేదు."

"పెట్టు."

పావుగంట పట్టింది. ఆ పావుగంటా ఆమె వారిని ఊరకే నిలబెట్టలేదు. గోడకు మట్టి మోయించింది. 'ఎవరి కుండ వారిదే' అన్న కొత్త మీట వెలిగింది. ఆమె నొక్కింది. వరుస కదిలింది.

అరవై మూడవవాని వంతు వచ్చేసరికి మేనేజర్ ఫోను నా చేతికిచ్చి తన తరఫున నన్ను పలకమన్నాడు. గొంతు మార్చుకొని పలికాను.

"తమరికి పనేటొచ్చండి?"

"మేనేజరు పని."

"అంటే?"

"ఇతరుల చేత పనిచేయించడం."

"అదిక్కడ నేను సేత్తన్నాను గదండీ. ఆ బిందె ఎత్తుకోండి."

అనువదించాను. ఆయన ఫోను తిరిగి తీసుకొని, ఎవరినీ చూడకుండా బిందె ఎత్తుకొన్నాడు. ఆ తరువాత వరద పుటలు నాకిచ్చి, ఉంచుకొంటారా అని మర్యాదగా అడిగాడు. చింపేశాను. ప్రోగ్రామర్ కంప్యూటరులోని ప్రతిని కూడా తొలగించమంటారా అని అడిగినప్పుడు మాత్రం, నిజం చెప్పాలంటే, మరొక్కసారి చదువుకొని సరేనన్నాను.

నెల తిరగకుండా చాంద్రేయులు గుంపులుగా మట్టిజాతికి మారడం మొదలుపెట్టారు. స్నేహితులకు కుండలివ్వగల పెద్దరికం తమకూ కావాలట. లెక్కలు వాటంతట అవే సర్దుకొన్నాయి.

ఆ పరీక్ష జరిగిన మరుసటి ఆదివారమే కాగితాల మిత్రుడు పాస్‌పోర్టుల కట్ట చేతబట్టుకొని నా బల్ల దగ్గరకు వచ్చాడు. ముఖం మాడిపోయి ఉంది.

"తీస్కో పంతుల్ సాబ్. దస్తఖత్ పెట్టు. ఎవలది వాళ్లకే ఇచ్చెయ్యమని మేనేజర్ సాబ్ హుకుం. పోగొట్టుకుంటే నన్నడగకు."

"మంచిదే కదయ్యా?"

"ఏం మంచిది! ఇరవై ఏండ్ల అల్మారా ఖాళీ అయింది. కఫీల్ ముచ్చట చెప్పింది ఎవడు? నేనే! నా నోరే నా దుష్మన్."

ఆ రోజు పాస్‌పోర్టును ఇంట్లో ఎక్కడ ఉంచాలో తోచక మూడు చోట్లు మార్చాను. వంటామె ఉండే ఇంట్లో ఏమైనా మారిందా అన్నది నాకు తెలియదు. ఆటలోని మార్పు అక్కడికి చేరుతుందనుకొనేటంత అమాయకుణ్ణి కాను. ఆమె ఇల్లు మాత్రం చెరిగిపోలేదు.

ఉద్యోగం ముగించి స్వదేశం చేరాక నేనూ ఆటలో ఒక మృణ్మయునిగా పేరు నమోదు చేయించుకొన్నాను. తిన్నగా ఆ అరుగు దగ్గరకే వెళ్లి నేను ఫలానా అని చెప్పుకొన్నాను. ఆదరంగా కూర్చోబెడుతుందనుకొన్నాను. గోడ పని నడుస్తోంది, మట్టి తొక్కమంది. ప్రతి శుక్రవారం బొటనవేలితో ఫోను మీద తొక్కుతున్నాను. మొన్న మధ్యలో కాస్త ఆగి, అస్తమయ కాంతిలో ఆ గోడ ఎంత శోభాయమానంగా ఉన్నదో పదిమందికీ వినబడేటట్టు వర్ణించబోయాను.

"బాగుందండి బాబుగారూ" అంది ఆమె. "మాటాపి తొక్కండి. మట్టి బిగిసిపోతంది."